తాడు లేని నీళ్ళు

మొదటి రోజు గవరయ్య కొలను అడుగున నిలబడి ఎదురుచూశాడు.

దిగడం బాగానే దిగాడు. నడుముకి కట్టిన సీసపు దిమ్మలు వాటి పని అవి చేశాయి. పాదాలకి గచ్చు తగిలింది. అలవాటు కొద్దీ కళ్ళు మూసుకునే ఉన్నాడు. కుడిచెయ్యి పక్కకి వెళ్ళి దేన్నో పట్టుకోబోయి, అక్కడేమీ లేకపోయేసరికి వట్టి పిడికిలితో వెనక్కి వచ్చింది. ఇక తను చెయ్యవలసింది లేదు. పైనుంచి లాగుతారు. నోట్లో పెట్టుకున్న రబ్బరు గొట్టంలోంచి గాలి వస్తోంది, బుడగలుగా పోతోంది. ఎంతసేపు అలా నిలబడ్డాడో అతనికి తెలియదు. ఆ లెక్క ఏనాడూ అతనిది కాదు.

భుజం మీద ఎవరో తట్టితే కళ్ళు తెరిచాడు. ఎదురుగా శిక్షకుడు జానకిరామ్. ఆయన గవరయ్య చంక కింద చెయ్యి వేసి, నూతిలో పడ్డ బిందెని తీసినట్టు పైకి తీసుకొచ్చాడు.

"కింద ఏం చేస్తున్నారు గవరయ్య గారూ?"

"సూస్తన్నాను సార్."

"దేనికోసం?"

"లాగుతారని."

"ఎవరు లాగుతారు? తాడేది?"

గవరయ్య నడుము తడుముకున్నాడు. పక్కన నీళ్ళలో తేలుతున్న, అతన్ని అన్న వరసన 'దా' అని పిలిచే బెంగాలీ డైవరు మృత్యుంజయ, "గవర్ దా అడుగున ట్రాము కోసం నిలబడ్డాడు సార్" అని పకపకా నవ్వాడు. గట్టు మీద సిమెంటు బెంచీకి ఆ చివర కూర్చున్న అతని జట్టు మనిషి బైరాగి నవ్వలేదు. మొహం అటు తిప్పుకుని, కొలను అవతలి గోడ మీద రాసి ఉన్న క్లబ్బు నియమాలు చదువుతున్నట్టు కూర్చున్నాడు. బైరాగికి బెంగాలీ చదవడం రాదు.

గవరయ్య ఖిదిర్‌పూర్ డాకులో డైవరు. శ్రీకాకుళం అవతల సముద్రపొడ్డు ఊరినుంచి పెళ్ళైన కొత్తలో కలకత్తా వచ్చాడు. ఓడ పంకాకి చుట్టుకున్న మోకుల్ని కొయ్యడం, నది నీళ్ళని ఆపే లాకు గేటు కింద బురద ఎంత పేరుకుందో తడిమి చెప్పడం, జారిపోయిన లంగరుకి గొలుసు తగిలించడం అతని పనులు. నది తెచ్చిన ఒండ్రూ, ఓడలు వదిలిన నూనే, ఊరి మురికీ కలిసిన నీళ్ళు అవి. అడుగున చెయ్యి చాచితే ఆ చెయ్యి కనబడదు. కళ్ళు తెరిచి ఆ చీకట్లోకి చూస్తూ ఉంటే తల తిరుగుతుంది, మూసుకుంటే చేతులకి తెలివొస్తుంది. అక్కడి పాత డైవర్లందరూ ఇత్తడి టోపీలో తలపెట్టగానే కళ్ళు మూసుకునేవాళ్ళు.

ఇత్తడి టోపీ, కాన్వాసు సూటు, సీసపు బూట్లు. పైనుంచి గాలి గొట్టం ఒకటి, నడుముకి తాడు ఒకటి. ఆ తాడు రెండో కొస పడవలో బైరాగి చేతిలో ఉండేది. ఒకసారి గుంజితే అడుగు చేరానని. రెండుసార్లు గుంజితే తాడు వదులు చెయ్యమని. మూడుసార్లు గుంజితే తీసెయ్యమని. ప్రతి గుంజుకీ పైనుంచి తక్షణం బదులు గుంజు వచ్చేది. పైకి రావడం డైవరు పని కాదని ఆ జట్టులో వాడుక. డైవరు దిగుతాడు, పని చేస్తాడు. తీసుకొచ్చేవాడు తాడుమనిషి. ఎంత నెమ్మదిగా లాగాలో, ఎక్కడ ఆపాలో, ఒంట్లో గాలి సర్దుకోవడానికి ఎంతసేపు వేలాడదియ్యాలో అన్నీ బైరాగే చూసుకునేవాడు. అన్నేళ్ళ ఉద్యోగంలో గవరయ్య తనంతట తాను పైకి వచ్చింది లేదు.

బైరాగి అతని భార్య సన్యాసమ్మకి తమ్ముడు. కొన్నేళ్ళుగా బావాబావమరుదులకి మాటల్లేవు.

సన్యాసమ్మ బతికుండగా, కూతురు నాగేశ్వరిని తమ్ముడి కొడుకు దేముడికే ఇస్తానని కనబడ్డ వాళ్ళందరితోనూ అనేది. మేనరికం. ఎవరూ కాదనలేదు. ఆమె కామెర్లొచ్చి పోయాక, సంవత్సరీకాలు అయ్యాక, ఒకనాడు నాగేశ్వరి తండ్రికి అన్నం వడ్డిస్తూ అంది: "దేముడూ నానూ ఒక్క కంచంలో తిని పెరిగినాము నాన్నా. ఆడు నాకు తమ్ముడినాగే ఉంటాడు. నా వల్ల కాదు."

గవరయ్య మారుమాట లేకుండా ఆమెని లిలువా రైల్వే కార్ఖానాలో ఫిట్టరుగా ఉన్న సోమశేఖర్‌కి ఇచ్చి చేశాడు. పిల్లకి ఇష్టం లేదని మాత్రం బైరాగికి చెప్పలేదు. చెబితే మేనమామ కోపం పిల్ల మీదకి పోతుంది. తనకే ఇష్టం లేదన్నాడు.

"మా అప్ప ఉండుంటే ఈ మాట అందువేటి బావా?" అన్నాడు బైరాగి. అదే ఆఖరు మాట.

మర్నాడు బైరాగి డ్యూటీకి వచ్చాడు. మొహం గంటుపెట్టుకుని గవరయ్య నడుముకి తాడు ముడి తనే వేశాడు. ఇంకొకరి చేతికి ఇవ్వలేదు, ఆనాడే కాదు, ఆ తరవాతా ఇవ్వలేదు.

గట్టు మీద మాట అవసరమైతే మూడోవాడి మీదుగా నడిచేది. చాలాసార్లు ఆ మూడోవాడు డాకు గేటు దగ్గర టీ కొట్టు నడిపే బీహారీ ముసలాయన.

"ఆ పెద్దమనిషికి సెప్పు, రేపు కొత్త బెర్తు కాడికి రమ్మన్నారంట" అనేవాడు బైరాగి, టీ కొట్టాయన మొహంలోకి చూస్తూ.

"ఇన్నానని సెప్పు" అనేవాడు గవరయ్య, అదే మొహంలోకి చూస్తూ.

టీ కొట్టాయనకి తెలుగు ముక్క రాదు. ఇద్దరికీ తల ఊపి, ఇద్దరికీ చెరో మట్టి ముంతలో టీ పోసేవాడు.

నీళ్ళలోకి దిగాక మాత్రం ఆ తగువు లేదు. గుంజితే గుంజు. ఒకటికి ఒకటి, రెండుకి రెండు. గవరయ్య సాయంత్రం క్వార్టరుకి వెళ్ళి, తలుపు తీసి, వండుకుని, తిని పడుకునేవాడు. పొద్దున్న లేచేదాకా అతన్ని పలకరించేవాళ్ళు లేరు. రోజు మొత్తంలో అతను ఒకటి అంటే వెంటనే బదులు వచ్చేది ఆ తాడు మీదే.

ఆ ఎండాకాలం పోర్టువాళ్ళు పాత సూట్లు తీసెయ్యాలని నిశ్చయించారు. ఇకనుంచి వీపుకి గాలి సిలిండరు కట్టుకుని, ఒంటికి గాలి జాకెట్టు తొడుక్కుని, ఇద్దరిద్దరుగా దిగాలి. ఎవరంతట వాళ్ళు పైకి రావాలి. దానికి భవానీపూర్‌లో ఒక క్లబ్బు ఈతకొలను మాట్లాడి శిక్షణ పెట్టారు. చివర పరీక్ష. తాడు గానీ గోడ గానీ ముట్టుకోకుండా దిగాలి. అడుగు తగలకుండా నడిమి నీళ్ళలో ఆగి నిలవాలి. అక్కడినుంచి తన బుడగలకన్నా నెమ్మదిగా లేవాలి. పైకి మనిషి లోతు ఉందనగా మళ్ళీ ఆగాలి. అప్పుడు తల బయట పెట్టాలి. నెగ్గినవాడు డైవరుగా ఉంటాడు. రెండుసార్లు తప్పినవాడు గొలుసుల యార్డుకి పోతాడు.

తాడుమనుషులకి పరీక్షలేమీ లేవు. నెలాఖరుకి వాళ్ళంతా హల్దియాలో ఓడల్ని మోకులతో ఒడ్డుకి కట్టే జట్టుకి మారాలి. అంతవరకు వాళ్ళని ఏం చెయ్యాలన్న దాని మీద యూనియన్ పట్టుబట్టింది. డైవరు ఎక్కడ డ్యూటీ చేస్తే తాడుమనిషి అక్కడే డ్యూటీ చెయ్యాలి, ఇన్నాళ్ళ పద్ధతి అది, మార్చడానికి వీల్లేదు. ఆఫీసు సరేనంది. అందుకని తాడుతో పని లేని చోటికి బైరాగి రోజూ బస్సెక్కి వచ్చి, బెంచీ ఆ చివర కూర్చుని, సాయంత్రం దాకా నీళ్ళని చూసి వెళ్ళిపోయేవాడు.

గొలుసుల యార్డు శిక్షేమీ కాదు. రేకుల కప్పు కింద పీట వేసుకుని, లంగరు గొలుసుల తుప్పు సుత్తితో రాల్చడం పని. జీతం అదే. కానీ రోజంతా గట్టు మీద ఏం చెయ్యాలో, ఎవరి పక్కన కూర్చుని ఏం మాట్లాడాలో గవరయ్యకి తెలియదు. నీళ్ళ కింద మనిషి ఒంటరిగా ఉండడం ఉద్యోగం. గట్టు మీదికొస్తే అదే అందరికీ కనబడుతుంది, జాలిపడతారు. అతనికి నీళ్ళు కావాలి. పరీక్ష నెగ్గాలి.

జానకిరామ్ విశాఖపట్నం మనిషి, నేవీలో డైవరుగా చేసి దిగిపోయినవాడు. కోప్పడడు గానీ వదిలిపెట్టడు.

"ఊపిరి పీలిస్తే కొంచెం లేస్తారు. వదిలితే కొంచెం దిగుతారు. జాకెట్టులోకి గాలి పంపే మీట పెద్ద పనులకి. ఊపిరి చిన్న పనులకి. ముందు చిన్నదానితో చూడండి. చాలకపోతే అప్పుడు మీట నొక్కండి."

"పైకి లెగిసినప్పుడో సార్?"

"పైకి వచ్చేకొద్దీ జాకెట్టులో గాలి దానంతటదే పెరుగుతుంది. పెరిగితే మిమ్మల్ని ఇంకా ఎత్తుతుంది. ఎత్తితే ఇంకా పెరుగుతుంది. అందుకని లేస్తూ కొంచెం కొంచెం బయటికి వదులుతూ ఉండాలి. లేవడానికి గాలి ఎక్కించడం కాదు, లేచేటప్పుడు తియ్యడం అసలు పని."

"సెప్పడానికి బాగుంది."

"చెయ్యడానికీ బాగుంటుంది. ఒకటి చెప్పండి, కళ్ళెందుకు మూసుకుంటారు?"

"తెరిస్తే ఏటి కనబడతాది సార్?"

"ఇక్కడ కనబడుతుంది. డబ్బు పెట్టి నీలం టైల్సు వేయించారు. ఒకసారి చూడండి పాపం."

చూశాడు. కానీ రెండో నిమిషంలోనే రెప్పలు వాలిపోయేవి, కుడిచెయ్యి పక్కకి వెళ్ళిపోయేది.

మొదటి పరీక్ష శుక్రవారం పెట్టారు. అందరిలోకీ చిన్నవాడు మృత్యుంజయ తడుముకోకుండా నెగ్గేశాడు. తరవాత గవరయ్య వంతు వచ్చింది. జాకెట్టులో గాలి వదిలి, ఊపిరి వదిలి, తిన్నగా దిగాడు. నడిమి నీళ్ళు వచ్చాయనిపించి మీట నొక్కాడు. దిగుతూనే ఉన్నాడు. మళ్ళీ నొక్కాడు. బదులు లేదు. మూడోసారి గట్టిగా, ఆపకుండా నొక్కాడు. అప్పుడు మూడు నొక్కులకీ నీళ్ళు కలిపి జవాబు చెప్పాయి. కాళ్ళ కిందనుంచి ఎవరో విసిరేసినట్టు లేచి, నడుము దాకా బయటికి వచ్చి, వెల్లకిలా పడ్డాడు.

జానకిరామ్ ఈదుకుంటూ వచ్చి అతని గడ్డం పట్టుకుని మొహానికున్న అద్దం పీకేశాడు. "ఊపిరి బిగబట్టారా? నిజం చెప్పండి. బిగబట్టి ఇలా లేస్తే ఊపిరితిత్తులు చిరిగిపోతాయి."

"లేదు సార్."

"వదులుతూనే ఉన్నారా?"

"అరిసినాను సార్. కిందనుంచి మీదికొచ్చీదాకా అరుస్తానే ఉన్నాను."

జానకిరామ్ అతని గడ్డం వదిలాడు. "ఆ అరుపే కాపాడింది" అన్నాడు.

మృత్యుంజయ అతన్ని గట్టు వైపు లాక్కొచ్చాడు. బైరాగి అప్పటికే బెంచీ మీంచి లేచి అంచుకి వచ్చి నిలబడ్డాడు. మృత్యుంజయ మొహంలోకి చూస్తూ, "ముక్కులోంచి రగతం వస్తంది, సూసుకోమని సెప్పు" అన్నాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు మృత్యుంజయ బెంగాలీలో.

"ఏమీ లేదు" అన్నాడు గవరయ్య, మణికట్టుతో ముక్కు తుడుచుకుంటూ.

అందరూ వెళ్ళాక జానకిరామ్ అతన్ని కూర్చోబెట్టాడు.

"మీకు పని రాక కాదు. మీరు నొక్కారు. నీళ్ళు వెంటనే జవాబు చెప్పవు. ఒక ఊపిరంత ఆలస్యం చేస్తాయి. మీరు ఆ కాస్తా ఆగరు, మళ్ళీ నొక్కుతారు."

"బదులు రాలేదు సార్."

"వస్తుంది. వచ్చేదాకా మీరుండటం లేదు."

గవరయ్య తడిసిన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆ మాట గురించి ఆలోచించాడు. తాడు మీద బదులు రాకపోతే మళ్ళీ గుంజాలి. అప్పటికీ రాకపోతే పైన ఏదో జరిగిందని. అదే అతను నేర్చుకున్నది.

ఆదివారం లోకల్ ట్రైనెక్కి లిలువా వెళ్ళాడు. నాగేశ్వరి చేపల పులుసు కలిపింది. సోమశేఖర్ "మామయ్య గారూ, ఫ్యాను కిందకి జరగండి" అని తన కుర్చీ ఇచ్చి, తను గుమ్మంలో నిలబడ్డాడు. మర్యాదకేమీ లోటు లేదు. మనవరాలు చుట్టుపక్కల పిల్లలతో కలిసి బెంగాలీలో గోలచేస్తూ ఇంట్లోకీ బయటికీ పరిగెడుతోంది. తాతతో తెలుగులో రెండు మాటలంటుంది, మూడో మాట బెంగాలీలో వస్తుంది.

"యార్డుకి ఎల్లిపో నాన్నా" అంది నాగేశ్వరి. "ఈ వొయసులో నీకీ గెంతులేటి? సక్కగా నీడపట్టున కూకుంటావు."

"అక్కడ నాకు తోసదమ్మా."

"నీల్లలో తోస్తాదేటి?"

గవరయ్య పులుసు బాగుందన్నాడు.

"మావ మాటాడతన్నాడా?" అందామె, ఇంకో ముక్క వేస్తూ.

"తాడు మీద మాటాడీవోడు. ఇప్పుడు తాడు లేదు కదా."

"నాకోసమేనని సెప్పీయి నాన్నా ఇకనైనా. నాకు పెల్లయింది, బిడ్డ పుట్టింది. ఇంకేటి సేస్తాడు నన్ను?"

"ఏటీ సెయ్యడు. నిన్ను సూసి మొకం తిప్పుకుంటాడు. నాకలవాటైపోయింది. నీకెందుకు?"

సాయంత్రం హౌరాలో లాంచీ ఎక్కి నది దాటాడు. జనం మధ్య రెయిలింగు పట్టుకుని నిలబడి, ఊపిరి పీల్చి, ఆగి, వదిలి, ఆగి చూసుకున్నాడు. క్వార్టరుకి వెళ్ళాక మంచం మీద పడుకుని అదే చేశాడు. తెరిచి ఉన్న తలుపులోంచి పక్కింటి అమ్మన్నమ్మ తొంగి చూసింది.

"ఏటి గవరయ్యా, ఆయాసమొస్తందేటి?"

"లేదప్పా. గాలి పీల్చడం నేర్చుకుంటన్నాను."

"ఇన్నాల్లూ ఏటి పీల్చినావు మరి?" అని ఆమె నోరు నొక్కుకుని వెళ్ళిపోయింది.

ఆ వారమంతా రోజూ కొలనులో అదే సాధన. మీట ఒక్కసారి నొక్కి చెయ్యి తీసెయ్యాలి. ఊపిరి పూర్తిగా పోయి, మళ్ళీ వచ్చేదాకా ఏమీ చెయ్యకూడదు. అతనికి అన్నిటికన్నా కష్టమైంది ఆ ఏమీ చెయ్యకపోవడమే. దిగిపోతున్నట్టు కడుపులో తెలుస్తూ ఉంటుంది. వేలు మీట మీద దురదపెడుతుంది. "ఆస్తే గవర్ దా, ఆస్తే" అని మృత్యుంజయ నీళ్ళలో అరచెయ్యి ఊపి చూపించేవాడు. నెమ్మదిగా, నెమ్మదిగా. రెండుసార్లు అడుగు తాకాడు. ఒకసారి ఆగాడు గానీ ఆగినట్టు తెలుసుకునేలోపే లేచిపోయాడు. బైరాగి బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉండేవాడు. అతనికి హల్దియా వెళ్ళవలసిన రోజు చెప్పేశారు. ఆ సంగతి కూడా గవరయ్యకి మృత్యుంజయ ద్వారానే తెలిసింది.

రెండో పరీక్ష మధ్యాహ్నం పెట్టారు. క్లబ్బు సభ్యులు వచ్చే వేళ కాదు. కొలను ఖాళీగా, ఎండకి తళతళలాడుతోంది. జానకిరామ్ ముందే దిగి నడిమి నీళ్ళలో చేతులు కట్టుకుని నిలిచి ఉన్నాడు.

గవరయ్య జాకెట్టులో గాలి వదిలాడు. ఊపిరి వదిలాడు. నీళ్ళు గడ్డం దాటి, అద్దం దాటి, తల మీద మూసుకున్నాయి. ముక్కు నొక్కి చెవుల్లోకి గాలి ఊదుకున్నాడు. దిగుతున్నాడు. కళ్ళు మూతపడబోయాయి, తెరిచి ఉంచాడు. టైల్సు వరసలు ఒక్కొక్కటే పైకి వెళ్ళిపోతున్నాయి. వాటిని చూస్తే తను ఎంత వేగంగా దిగుతున్నాడో తెలుస్తోంది. ఇన్నాళ్ళూ తెలిసింది చెవుల నొప్పితోనే.

మీట ఒక్కసారి నొక్కాడు. చెయ్యి తీసేశాడు.

ఇంకా దిగుతున్నాడు. అడుగు తన పాదాల దగ్గరకి వస్తోంది. కుడిచెయ్యి పక్కకి వెళ్ళింది. వెళ్ళనిచ్చాడు. అది వేళ్ళు విప్పుకుని అక్కడే ఉండిపోయింది. ఊపిరి మొత్తం పోయింది. కొత్తది మెల్లగా లోపలికి వచ్చింది. అప్పుడు, అడుగుకి ఇంకా ఎడం ఉండగా, టైల్సు వరసలు కదలడం మానేశాయి.

ఆగాడు.

పాదాల కింద ఏమీ లేదు. తల మీద ఏమీ లేదు. నడుముని ఏదీ పట్టుకుని లేదు. సన్యాసమ్మ పోయిన రాత్రి ఇల్లు అలికిడి లేకుండా ఉండింది గానీ, అప్పుడు కూడా వీపుకి గోడ ఉంది. ఇక్కడ అదీ లేదు. ఏదైనా పట్టుకుంటే బాగుండునని ఒళ్ళంతా అనిపించింది. పట్టుకోవడానికి తన ఊపిరి తప్ప మరేమీ లేకపోయింది, దాన్నీ పట్టుకోకూడదు, వదలాలి. వదిలాడు, పీల్చాడు. పీల్చినప్పుడు ఒక వేలెడు లేచాడు, వదిలినప్పుడు ఒక వేలెడు దిగాడు. జానకిరామ్ కట్టుకున్న చేతులు విప్పి, పైకి చూపించాడు.

గుండె నిండా పీల్చాడు. ఆగాడు. నీళ్ళు ఆలోచించుకుని అతన్ని ఎత్తాయి. ఎడమచేత్తో జాకెట్టు గొట్టం పైకెత్తి పట్టుకుని కాస్త గాలి వదిలాడు. ఆవగింజంత బుడగ ఒకటి అద్దం పక్కనుంచి వెళ్ళింది. దాన్ని ముందు పోనిచ్చాడు. ఇంకొకటి వచ్చింది, దాన్నీ పోనిచ్చాడు. వేగం పెరగబోతోందని కడుపులో తెలియగానే మళ్ళీ వదిలాడు. పైన ఎండ నలిగిన వెండి కాగితంలా కదులుతోంది. మనిషి లోతు ఉందనగా ఊపిరంతా వదిలేసి ఉండిపోయాడు. కొంచెం జారాడు. నిలిచాడు.

అక్కడినుంచి గట్టు కనబడుతోంది. బైరాగి అంచున నిలబడి ఉన్నాడు. నీళ్ళ కదలికకి అతని ఆకారం విరిగి, అతుక్కుని, విరుగుతోంది గానీ చేతులు మాత్రం తెలుస్తున్నాయి. రెండు చేతులూ కడుపు దగ్గర పెట్టుకుని, ఒకదాని తరవాత ఒకటి, మెల్లగా దగ్గరకి లాక్కుంటున్నాడు. వాటిలో ఏమీ లేదు. గవరయ్య నిలిచాక ఆ చేతులూ నిలిచాయి. తను ఏం చేస్తున్నాడో బైరాగికి తెలిసినట్టు లేదు.

గవరయ్య చెప్పినంతసేపూ అలాగే ఉన్నాడు. తరవాత తల బయట పెట్టాడు.

"అయింది" అన్నాడు జానకిరామ్, పక్కనే తేలి. "మీరింక డైవరే."

అవతలి ఒడ్డున మృత్యుంజయ ఈల వేశాడు. గవరయ్య గట్టు దాకా ఈది అంచు పట్టుకున్నాడు. బైరాగి చేతులు వీపు వెనక్కి పోయాయి. చుట్టూ చూశాడు. మధ్యలో మాట మొయ్యడానికి దగ్గర్లో ఎవరూ లేరు.

"సెవులు నొప్పెట్టినాయేటి?" అన్నాడు.

"లేదు" అన్నాడు గవరయ్య.

ఇంకేదో అనాలి. రబ్బరు గొట్టం పట్టి పట్టి దవడలు బిగుసుకుపోయి ఉన్నాయి. అవి సడలేలోపు బైరాగి తల ఊపి, బెంచీ దగ్గరకి వెళ్ళి, గొడుగు తీసుకుని, గేటు వైపు నడిచాడు. అతని బస్సుకి వేళ అయింది.

నెలాఖరున తాడుమనుషుల్ని లారీ ఎక్కించి హల్దియా తీసుకెళ్ళారు. ఆ పొద్దున్న గవరయ్య డ్యూటీలో ఉన్నాడు. లాకు గేటు కింద బురద చూడాలి. గేటుకి ఆ పక్క మృత్యుంజయ, ఈ పక్క అతను. బురద మోకాలి పైకి పేరుకుని ఉంది. రెండు చోట్ల తడిమి, గేటు పట్టీ మీద ఇరుక్కున్న దుంగని కదిపి తీసేశాడు. పని అయిపోయింది.

కాసేపు అక్కడే ఉన్నాడు. లారీ ఈపాటికి డాకు గేటు దాటి ఉంటుంది.

మీట నొక్కి, చెయ్యి తీసి, ఆగాడు. నీళ్ళు అతన్ని ఎత్తాయి. కొలనులో పడ్డ అలవాటుకి కళ్ళు తెరిచే ఉన్నాయి. మొదట నలుపు. ఎంత లేచినా నలుపే. ఆ తరవాత నలుపులో ఎక్కడో ఎరుపు పడింది. కాఫీ గసిలాగ, ఇంకాస్త పైకి వస్తే కుండ పెంకులాగ, మనిషి లోతుకి వచ్చి ఆగేసరికి పలచని బెల్లం పానకంలాగ నీళ్ళు వెలుగుతున్నాయి. అద్దం ముందునుంచి ఒండ్రు రేణువులు ఒక్కొక్కటి మెరిసి వెళ్ళిపోతున్నాయి. రోజూ ఇందులోంచే పైకి వచ్చేవాడు. బైరాగి రోజూ ఇక్కడే ఆపి వేలాడదీసేవాడు. ఒక్కనాడూ కళ్ళు తెరవలేదు.

పద్ధతి ప్రకారం ఆగవలసిన దానికన్నా ఎక్కువసేపు ఆగాడు. చూడడానికి బాగుంది. సిలిండరులో గాలి ఉంది. ఆలస్యమైందని తెలుసుకునే చెయ్యి పైన లేదు.

తల బయట పెట్టేసరికి మృత్యుంజయ పడవలో కూర్చుని తల తుడుచుకుంటున్నాడు.

"ఇంతసేపా గవర్ దా? నిద్రపోయావా?"

"పైన నీళ్ళకి రంగుంది" అన్నాడు గవరయ్య బెంగాలీలో.

"రంగా? ఊరి మురికంతా అదే కదా" అని మృత్యుంజయ తువ్వాలు పిండి, ఇంజను వేశాడు.

గవరయ్య నిచ్చెన పట్టుకుని పడవ ఎక్కాడు. తెలుగులో అయితే ఇంకొంచెం బాగా చెప్పగలిగేవాడేమో. సీసపు దిమ్మల బెల్టు తనే విప్పుకుని, పక్కన ఖాళీగా ఉన్న చెక్క మీద పెట్టి కూర్చున్నాడు. పడవ గట్టు వైపు తిరిగింది.